ఊపిరికి ఊతం: కుక్కలు, పిల్లుల అత్యవసర శ్వాసరక్షణ – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

ఆగిపోయిన ఊపిరిని బయటినుంచి గాలి అందించి నిలబెట్టవచ్చుననే జ్ఞానం మానవులకు చాలావరకు జంతువుల శరీరాల మీద, ముఖ్యంగా కుక్కలు, పిల్లుల మీద జరిగిన ప్రయోగాల వల్ల లభించింది. 16వ శతాబ్ది నుంచి 20వ శతాబ్ది దాకా సాగిన ఆ ప్రయోగాల ఫలితం మొదట మానవ వైద్యానికి చేరింది. అదే విద్య కుక్కలకు, పిల్లులకు చికిత్సగా క్రమబద్ధమైన రూపంలో తిరిగి రావడానికి 2012 దాకా పట్టింది. ఈ సుదీర్ఘ ప్రయాణంలోని ప్రధాన ఘట్టాలను, వాటిలో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ల స్థానాన్ని, నేటి అత్యవసర శ్వాసరక్షణ సూత్రాలకు ఆ చరిత్రతో ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కృత్రిమ శ్వాస, పశువైద్య చరిత్ర, హైదరాబాదు క్లోరోఫాం కమిషన్, కుక్కలు, పిల్లులు, అత్యవసర చికిత్స.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో శ్వాసాంగానికి ఉన్న పేరు ఊపిరితిత్తి. కమ్మరి కొలిమిలో నిప్పును రాజేసే తోలుసంచి పేరు కూడా తిత్తే. గాలిని పీల్చి, వదిలే పనిలో ఈ రెండింటికీ ఉన్న పోలికను భాష ఏనాడో గుర్తించింది. యోగశాస్త్రంలోని భస్త్రికా ప్రాణాయామానికి కూడా కొలిమితిత్తి వల్లనే ఆ పేరు వచ్చింది. అయితే పోలిక గుర్తించడం వేరు, కొలిమితిత్తిని నిజంగానే ఊపిరితిత్తికి తగిలించి ప్రాణం నిలబెట్టడం వేరు. ఈ రెండో పని ఐరోపాలో 16, 17 శతాబ్దాలలో జరిగింది. అది జరిగింది మనిషి మీద కాదు. పంది మీద, కుక్క మీద.

నేడు పెంపుడు కుక్క ఊపిరి అందక కొట్టుకుంటున్నప్పుడు వైద్యుడు ప్రాణవాయువు అందిస్తాడు, గొంతులోకి గొట్టం పంపుతాడు, గుండె ఆగితే ఛాతీని ఒత్తుతాడు. ఇవన్నీ మానవ వైద్యం నుంచి పశువైద్యం అరువు తెచ్చుకున్న పద్ధతులుగా పైకి కనిపిస్తాయి. చరిత్రను కొంచెం వెనక్కి వెళ్ళి చూస్తే విషయం తలకిందులవుతుంది. అప్పు ఇచ్చింది జంతువు, తీసుకున్నది మనిషి. ఆ అప్పు ఎలా ఏర్పడింది, తీరడానికి ఎందుకు ఇంత ఆలస్యమైంది, తీరే సమయంలో ఏ కొత్త పాఠాలు నేర్చుకోవలసి వచ్చింది అన్నవి ఇక్కడ పరిశీలించవలసిన అంశాలు.

2. తిత్తితో మొదలైన విద్య (1543–1667):

శరీర నిర్మాణ శాస్త్రానికి ఆధునిక రూపమిచ్చిన ఆండ్రియాస్ వెసాలియస్ 1543లో ప్రచురించిన మహాగ్రంథం చివరి భాగంలో బ్రతికి ఉన్న జంతువు మీద చేయదగిన పరిశీలనలను వివరించాడు. జంతువు వాయునాళానికి రంధ్రం చేసి, అందులో రెల్లుగొట్టాన్ని అమర్చి గాలి ఊదితే, కుంగిపోయిన ఊపిరితిత్తులు మళ్ళీ లేస్తాయనీ, బలహీనపడిన గుండె తిరిగి పుంజుకుంటుందనీ అతడు నమోదు చేశాడు. శ్వాసకూ గుండె కదలికకూ ఉన్న సంబంధాన్ని ప్రయోగపూర్వకంగా చూపిన తొలి వర్ణనలలో ఇది ముఖ్యమైనది. అయితే వెసాలియస్ ఉద్దేశం చికిత్స కాదు, పరిశీలన. జంతువు ప్రాణం నిలిచిన ఆ కాసేపూ చూసేవారి కోసమే నిలిచింది.

ఒక శతాబ్దం తరువాత లండన్ రాయల్ సొసైటీలో రాబర్ట్ హుక్ ఇదే ప్రయోగాన్ని మరొక ప్రశ్నతో చేపట్టాడు. ప్రాణానికి ఆధారం ఊపిరితిత్తుల కదలికా, లేక వాటిలోకి చేరే తాజా గాలా అన్నది ఆ ప్రశ్న. 1664లో అతడు ఒక కుక్క ఛాతీని తెరచి, కొలిమితిత్తితో గాలి ఊది, దాన్ని గంటకు పైగా బ్రతికించి ఉంచాడు. ఆ తరువాత రాబర్ట్ బాయిల్‌కు రాసిన లేఖలో, ఆ మూగజీవి పడిన బాధ కారణంగా అలాంటి ప్రయోగాన్ని మళ్ళీ చేయడానికి తనకు మనసు ఒప్పదని తెలిపాడు. అయినా 1667 అక్టోబరులో, వైద్యుడు రిచర్డ్ లోయర్ సహకారంతో, సొసైటీ సభ్యుల ఎదుట ఆ ప్రయోగం మళ్ళీ జరిగింది. ఈసారి ఊపిరితిత్తుల పైపొరకు చిన్న రంధ్రాలు చేసి, రెండు తిత్తులతో గాలిని ఆగకుండా పంపారు. గాలి ఒకవైపు చేరుతూ, మరోవైపు వెళ్ళిపోతూ ఉండగా ఊపిరితిత్తులు ఉబ్బి, కదలకుండా నిలిచి ఉన్నాయి. అయినా కుక్క బ్రతికే ఉంది. గాలి ప్రవాహం ఆపగానే ప్రాణం కొట్టుమిట్టాడింది. కదలిక ఒక సాధనం మాత్రమేనని, ప్రాణాధారం తాజా గాలేనని దీనితో తేలింది. నల్లబడిన సిరల రక్తం గాలి తగిలి ఎర్రబడేది ఊపిరితిత్తులలోనేనని లోయర్ 1669లో తన గ్రంథంలో స్పష్టం చేశాడు.

హుక్ లేఖకూ 1667 నాటి ప్రదర్శనకూ మధ్య ఉన్న మూడేళ్ళ దూరం ఈ చరిత్ర అంతటికీ ఒక నమూనా వంటిది. జంతువు బాధ తెలియక ప్రయోగాలు జరిగాయనడం సరికాదు. బాధ తెలుసు, ప్రశ్న అంతకంటె బలమైనదిగా తోచింది.

3. నదీతీరంలో తిత్తులు: మనిషికి చేరిన ఫలితం:

18వ శతాబ్దిలో నీట మునిగినవారిని రక్షించే సంఘాలు ఐరోపా నగరాలలో వెలిశాయి. 1767లో ఆమ్‌స్టర్‌డామ్‌లోను, 1774లో లండన్‌లోను ఏర్పడిన సంఘాలు వీటిలో ప్రసిద్ధమైనవి. లండన్ సంఘమే తరువాత రాయల్ హ్యూమేన్ సొసైటీగా పేరుపొందింది. మునిగినవారి పునరుజ్జీవనం గురించి శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1776లో రాయల్ సొసైటీకి ఒక పత్రం సమర్పించాడు. ఆ ప్రతిపాదనలకు ఆధారం 1755లో అతడు కుక్క మీద చేసిన ప్రయోగాలు. ఒక అర గాలిని లోపలికి పంపుతుండగా, మరొక అర లోపలి గాలిని వెలికి లాగే జంట తిత్తిని అతడు వాడాడు. తిత్తి ఆడుతున్నంతసేపూ గుండె కొట్టుకునేది, తిత్తి ఆపితే గుండె నెమ్మదించి ఆగేది, మళ్ళీ ఊదితే మళ్ళీ కదిలేది. ఊపిరి ఆగడమే మొదటి దెబ్బ, గుండె ఆగడం దాని పర్యవసానం అన్న అవగాహన ఇక్కడ బలపడింది.

ఈ విద్యకు ఉన్న ప్రమాదాన్ని కూడా జంతువులే చూపాయి. బలంగా ఊదిన గాలి సన్నని గాలితిత్తులను చీల్చి, ఛాతీలోకి చేరి, ప్రాణం తీయగలదని 1820ల చివరలో ఫ్రెంచి వైద్యుడు లెరోయ్ దెతియోల్ జంతు ప్రయోగాలతో నిరూపించాడు. దాని ఫలితంగా తిత్తుల వాడకం మీద నమ్మకం సన్నగిల్లి, చేతులతో ఛాతీని కదిలించే పద్ధతులు 19వ శతాబ్దిలో ప్రబలాయి. ఊదడం ఎంత అవసరమో, ఎక్కడ ఆపాలో తెలియడమూ అంతే అవసరమన్న హెచ్చరిక అప్పటి నుంచి ఉంది. ముఖ్యంగా చిన్న ఛాతీ గల పిల్లుల విషయంలో నేటి వైద్యులు దాన్నే మరొక రూపంలో బోధిస్తున్నారు.

ఇదే కాలంలో పశువైద్య విద్యాలయాలు కూడా ఏర్పడ్డాయి. 1761లో లియోన్‌లో క్లాద్ బూర్జెలా స్థాపించిన పాఠశాల వాటిలో మొదటిది. లండన్ పశువైద్య కళాశాల 1791లో ప్రారంభమైంది. దాన్ని ప్రోత్సహించినవారిలో జాన్ హంటర్ ఒకడు. అయితే ఆ విద్యాలయాల దృష్టి అంతా గుర్రాల మీద, పశుసంపద మీద ఉండేది. సైన్యానికీ, వ్యవసాయానికీ పనికివచ్చే జంతువే రోగిగా గుర్తింపు పొందింది. కుక్క ప్రయోగశాలలో ఉంది, వైద్యశాలలో లేదు.

4. బ్రతికి బయటపడిన గాడిద:

ఈ వరుసలో ఒక అపురూపమైన మినహాయింపు 1814లో లండన్‌లో కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలోని గయానా ఆదివాసులు బాణాల మొనలకు పూసే కురారే విషాన్ని యాత్రికుడు చార్లెస్ వాటర్టన్ ఇంగ్లండుకు తెచ్చాడు. ఆ విషం గుండెను ఆపదు. శ్వాస కండరాలను స్తంభింపజేస్తుంది. శస్త్రవైద్యుడు బెంజమిన్ బ్రోడీ, పశువైద్య కళాశాలకు చెందిన విలియం సీవెల్ తదితరులతో కలిసి అతడు ఒక ఆడగాడిదకు ఆ విషం ఎక్కించాడు. కొద్ది నిమిషాలలో అది చచ్చినట్లు పడిపోయింది. వాయునాళాన్ని కోసి, కొలిమితిత్తితో గాలి ఊదడం మొదలుపెట్టారు. కొంతసేపటికి తల ఎత్తి చూసింది. తిత్తి ఆపితే మళ్ళీ కూలిపోయింది. మళ్ళీ ఊదారు. విషం ప్రభావం తీరేదాకా గంటల తరబడి ఊదిన తరువాత ఆ గాడిద లేచి నిలబడింది. దానికి వూరేలియా అని పేరు పెట్టి, వాటర్టన్ స్వగ్రామంలోని మైదానానికి పంపారు. అక్కడ అది ఏ పనీ లేకుండా 1839 దాకా జీవించింది.

కృత్రిమ శ్వాస వల్ల పూర్తిగా కోలుకుని, పేరు పొంది, విశ్రాంతి అనుభవించిన జంతువుగా వూరేలియా చరిత్రకెక్కింది. ఊపిరిని నిలబెట్టగలిగితే దేహం తన విషాన్ని తానే వదిలించుకోగలదన్న సూత్రం కూడా దీనితో స్థిరపడింది. పాముకాటు వల్ల శ్వాస స్తంభించిన కుక్కకు నేడు యంత్రంతో ఊపిరి అందించి కాపాడడం వెనుక ఉన్న తర్కం ఇదే.

5. హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు (1888, 1889):

1847లో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టిన కొద్ది నెలలకే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలి వేలిగోరు శస్త్రచికిత్స కోసం క్లోరోఫాం పీల్చి మరణించింది. ఆనాటి నుంచి ఒక వివాదం నడిచింది. క్లోరోఫాం మొదట ఆపేది ఊపిరినా, గుండెనా? ఊపిరి అయితే వైద్యుడు శ్వాసను గమనిస్తూ ఉండాలి. గుండె అయితే నాడి పట్టుకుని ఉండాలి. ఎడింబరో సంప్రదాయం మొదటిదాన్ని, లండన్ సంప్రదాయం రెండోదాన్ని సమర్థించింది.

ఈ వివాదం తీర్చే ప్రయత్నానికి వేదిక హైదరాబాదు అయింది. రెసిడెన్సీ సర్జన్‌గా, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడింబరో సంప్రదాయంలో శిక్షణ పొందినవాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ పోషణతో 1888లో మొదటి కమిషన్ ఏర్పడి, కుక్కల మీద ప్రయోగాలు చేసి, ఊపిరే మొదట ఆగుతుందని ప్రకటించింది. లండన్‌లోని వైద్యపత్రిక లాన్సెట్ ఈ నిర్ణయాన్ని అంగీకరించలేదు. అప్పుడు ఆ పత్రిక ఎంపిక చేసే నిపుణుడు వచ్చి స్వయంగా పరీక్షించడానికి నిజాం ప్రభుత్వం 1000 పౌండ్లు సమకూర్చింది. అలా 1889లో లండన్ నుంచి ప్రఖ్యాత ఔషధశాస్త్రవేత్త థామస్ లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు. లారీ, బ్రంటన్, బొమ్‌ఫోర్డ్, రుస్తుంజీ సభ్యులుగా రెండో కమిషన్ పనిచేసింది. నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. వాటిలో అధికభాగం కుక్కలు. కోతులు, పిల్లులు, మేకలు వంటివి కూడా ఉన్నాయి. రక్తపోటును గ్రాఫుగా నమోదు చేసే పరికరాలు వాడారు. గుండె ఆగడమే ప్రమాదమన్న అభిప్రాయంతో వచ్చిన బ్రంటన్ చివరకు తన అభిప్రాయం మార్చుకున్నాడు. 1890లో లాన్సెట్‌లో వెలువడిన నివేదిక సారం ఇది: క్లోరోఫాం అధికమైతే మొదట ఊపిరి ఆగుతుంది, గుండె తరువాత ఆగుతుంది, కనుక శ్వాసనే గమనించాలి, ఆగిన వెంటనే కృత్రిమ శ్వాస మొదలుపెట్టాలి.

ఈ ప్రయోగాల సందర్భాన్ని గమనించవలసి ఉంది. జంతు ప్రయోగాలను నియంత్రించే 1876 నాటి చట్టం బ్రిటన్‌కు పరిమితం. నిజాం రాజ్యానికి అది వర్తించలేదు. వీధికుక్కలు సులభంగా దొరికేవి. లండన్‌లో ఇంత పెద్ద సంఖ్యలో చేయడం కష్టమైన పరిశోధన హైదరాబాదులో సాధ్యం కావడానికి రాజపోషణ ఎంత కారణమో, ఈ సౌలభ్యమూ అంతే కారణం. అదే 1889లో పుణెలో ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లాబొరేటరీ స్థాపితమైంది. పశువుల అంటురోగాలను అరికట్టడం దాని లక్ష్యం. ఒకవైపు పశువుల ఆరోగ్యానికి ప్రయోగశాల, మరోవైపు మనిషి మత్తుకు ప్రయోగశాల. ఈ రెండింటిలోనూ కుక్కకు రోగి హోదా లేదు.

6. పిల్లి చెప్పిన సమాధానం:

హైదరాబాదు నివేదిక వివాదాన్ని ముగించలేదు. లారీ తన నిర్ణయాన్ని సార్వత్రిక సత్యంగా ప్రచారం చేశాడు; క్లోరోఫాం మరణాలు మాత్రం ఆగలేదు. 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన పరిశోధన అసలు మెలికను బయటపెట్టింది. మత్తు గాఢంగా ఉన్నప్పుడు కాదు, తేలికగా ఉన్నప్పుడే, భయం లేదా ఉద్రేకం వల్ల దేహంలో అడ్రినలిన్ పెరిగితే, గుండె జఠరికలు లయ తప్పి వణికిపోయి, ఒక్కసారిగా ఆగిపోతాయని అతడు నిరూపించాడు. అంటే హైదరాబాదు కమిషన్ చెప్పింది అబద్ధం కాదు. అది సగం నిజం. మోతాదు మించినప్పుడు ఊపిరి ముందు ఆగుతుంది. మత్తు చాలనప్పుడు గుండె ముందు ఆగగలదు. ప్రయోగం జరిగిన పరిస్థితులను దాటి, ఫలితాన్ని అన్ని పరిస్థితులకూ విస్తరించడమే అక్కడ జరిగిన పొరపాటు.

పిల్లి ఈ చరిత్రలో అంతకుముందే మరొక చోట కనిపిస్తుంది. 1878లో రుడోల్ఫ్ బోమ్ అనే శాస్త్రవేత్త గుండె ఆగిన పిల్లుల ఛాతీని బయటినుంచే లయబద్ధంగా ఒత్తి, రక్తప్రసరణను నిలబెట్టవచ్చునని చూపాడు. అంతకు నాలుగేళ్ళ ముందు మోరిట్జ్ షిఫ్ కుక్కల ఛాతీని తెరచి, గుండెను చేత్తో పిసికి ఇదే ఫలితం సాధించాడు. పిల్లి ఛాతీ మెత్తనిది, ఒత్తిడికి సులభంగా లొంగుతుంది. బయటినుంచి ఒత్తడం అక్కడ సాధ్యం కావడానికి అది కారణం. అయితే బోమ్ చూపిన మార్గం మనుష్యవైద్యంలో చాలాకాలం స్థిరపడలేదు. దాని పునరావిష్కరణకు 80 ఏళ్ళకు పైగా పట్టింది.

7. గొట్టం, అరచేయి: 20వ శతాబ్ది:

1920లలో అమెరికా మత్తువైద్యుడు ఆర్థర్ గ్వెడెల్, రాల్ఫ్ వాటర్స్‌తో కలిసి, వాయునాళంలోకి పంపే గొట్టానికి గాలితో ఉబ్బే రబ్బరు పట్టీని రూపొందించాడు. ఆ పట్టీ ఉబ్బితే గొట్టం చుట్టూ సందు మూసుకుపోతుంది. నీరు, వాంతి ఊపిరితిత్తులలోకి చేరవు. దీన్ని నిరూపించడానికి గ్వెడెల్ తన పెంపుడు కుక్కకు మత్తు ఇచ్చి, గొట్టం అమర్చి, నీటి తొట్టిలో ముంచి ఉంచాడు. మత్తు దిగాక ఆ కుక్క లేచి, ఒళ్ళు విదిలించి నీళ్ళు చిందించిందని వైద్య చరిత్రకారులు నమోదు చేశారు. దాని పేరు ఎయిర్‌వే, అంటే వాయుమార్గం. నేడు పశువైద్యశాలలలో కుక్కలకు, పిల్లులకు వాడే పట్టీ గల గొట్టానికి ఇదే పూర్వరూపం.

1950లలో జేమ్స్ ఎలామ్, పీటర్ సఫార్ నోటితో నోటిలోకి ఊదే పద్ధతి మిగిలిన చేతి పద్ధతులన్నిటికన్నా మేలైనదని నిరూపించారు. ఈసారి ప్రయోగానికి ఒప్పుకుని పడుకున్నవారు మనుషులు. మత్తుకూ, కండరాల స్తంభనకూ తెలిసి సిద్ధపడిన స్వచ్ఛందులు. ఈ సుదీర్ఘ చరిత్రలో సమ్మతి అనే మాటకు చోటు దొరికిన అరుదైన సందర్భం ఇది.

గుండె విషయంలో మాత్రం మళ్ళీ కుక్కే ఆధారమైంది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో గుండె లయను విద్యుత్తుతో సరిచేసే పరిశోధన జరుగుతుండగా, కుక్క ఛాతీ మీద పలకలను గట్టిగా అదిమినప్పుడు రక్తపోటు పెరగడాన్ని గై నికర్‌బాకర్ 1958లో గమనించాడు. విలియం కౌవెన్‌హోవెన్, జేమ్స్ జూడ్‌లతో కలిసి అతడు 1960లో ప్రచురించిన పత్రం 20 మంది రోగులలో 14 మంది బ్రతికినట్లు తెలిపింది. ప్రపంచమంతా నేర్చుకున్న పునరుజ్జీవన విద్యకు పునాది ఈ పత్రమే. అదే 1960లో భారత పార్లమెంటు జంతుహింస నివారణ చట్టాన్ని ఆమోదించింది. ఈ దిశగా రాజ్యసభలో తొలి ప్రయత్నం చేసినవారు రుక్మిణీదేవి అరండేల్. ప్రయోగాలలో శస్త్రచికిత్స జరిగితే వీలైనంత వరకు జంతువుకు మత్తు ఇవ్వాలని ఆ చట్టం నిర్దేశించింది. హుక్ 1664లో పడిన మథనం భారతదేశంలో చట్టరూపం దాల్చడానికి దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది.

8. తిరుగు ప్రయాణం (1978–2024):

పట్టణ కుటుంబాలలో కుక్క, పిల్లి ఇంటి సభ్యులుగా మారిన కొద్దీ పశువైద్యం స్వభావం కూడా మారింది. అమెరికాలో అత్యవసర పశువైద్యులు 1978లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1989లో ఈ విభాగం ప్రత్యేక నైపుణ్య శాఖగా గుర్తింపు పొందింది. అప్పటికీ కుక్క గుండె ఆగితే ఏం చేయాలన్న ప్రశ్నకు ఏకాభిప్రాయం లేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క పద్ధతిని, ఎక్కువగా మానవ వైద్య సూచనలనే అనుసరించేవారు.

2012లో రికవర్ అనే సమష్టి ప్రయత్నం ఈ లోటు తీర్చింది. డేనియల్ ఫ్లెచర్, మాన్యుయెల్ బోలర్ నేతృత్వంలో నిపుణులు అందుబాటులో ఉన్న పరిశోధనను పరిశీలించి, కుక్కలకు, పిల్లులకు 101 మార్గదర్శక సూత్రాలు ప్రచురించారు. 2024లో వాటిని సవరించారు. ఇక్కడొక విచిత్రం ఉంది. కుక్కల మీద జరిగిన ప్రయోగాల నివేదికలు సమృద్ధిగా ఉన్నాయి. కానీ వాటిలో అధికభాగం మనిషి కోసం రూపొందిన ప్రశ్నలకు సమాధానాలు. ఆరోగ్యంగా ఉన్న కుక్క గుండెను ప్రయోగశాలలో ఆపి తిరిగి కదిలించడం వేరు, జబ్బుపడి వైద్యశాలకు వచ్చిన ముసలి కుక్కను కాపాడడం వేరు. అందువల్ల పాత నివేదికలను కుక్క పక్షాన మళ్ళీ చదువుకోవలసి వచ్చింది.

అలా చదివినప్పుడు స్పష్టమైన ముఖ్యాంశం ఆకార భేదం. మనిషి ఛాతీ వెడల్పుగా ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి ఒత్తడం సరిపోతుంది. చాలా కుక్కల ఛాతీ పక్కలకు ఇరుకు, లోతుకు ఎక్కువ. కనుక పక్కకు పడుకోబెట్టి ఒత్తాలి. గ్రేహౌండ్ వంటి ఇరుకు ఛాతీ జాతులకు నేరుగా గుండె మీద, గుండ్రని ఛాతీ గల పెద్ద కుక్కలకు ఛాతీ అత్యంత వెడల్పుగా ఉన్న చోట, బుల్‌డాగ్ వంటి బల్లపరుపు ఛాతీ జాతులకు వెల్లకిలా రొమ్ము ఎముక మీద ఒత్తాలి. పిల్లికి ఒక చేత్తో ఛాతీని చుట్టి పట్టి ఒత్తడం చాలు. 1878లో పిల్లి ఛాతీ చూపిన సత్యం ఇన్నాళ్ళకు పిల్లికే ఉపయోగపడింది.

9. శ్వాసరక్షణ మూలసూత్రాలు – చరిత్ర వెలుగులో:

మొదటిది, ప్రమాదాన్ని గుర్తించడం. తెలుగులో శ్వాస అవస్థలకు వేర్వేరు మాటలున్నాయి. రొప్పడం కుక్కకు సహజం. ఒళ్ళంతా చెమట పట్టని ఆ జీవి నాలుక చాపి రొప్పి వేడిని వదిలించుకుంటుంది. ఎగశ్వాస వేరు. పొట్ట, పక్కటెముకలు బలంగా కదులుతూ, మెడ చాచి, మోచేతులు ఎడంగా పెట్టి కుక్క నిలబడితే అది ఆపద. పిల్లికి నోరు తెరచి ఊపిరి పీల్చడమే ప్రమాద సూచన. నిద్రలో నిమిషానికి 30 సార్లకు మించి ఊపిరి పీలుస్తూ ఉంటే రెండు జంతువుల విషయంలోనూ వైద్యుణ్ణి సంప్రదించాలి. చిగుళ్ళు నీలిబారడం ఆలస్యంగా కనిపించే గుర్తు. రక్తహీనత ఉన్న జంతువులో అది అసలు కనిపించకపోవచ్చు. కనుక నీలిరంగు కోసం వేచి ఉండరాదు.

రెండోది, ముట్టుకునే ముందు ఆగడం. ఊపిరి అందని పిల్లిని బలవంతంగా పట్టుకుని, పడుకోబెట్టి పరీక్షిస్తే ఆ పెనుగులాటలోనే ప్రాణం పోవచ్చు. ముందు ప్రాణవాయువు, ఆ తరువాతే పరీక్ష అన్నది నేటి నియమం. భయం, అడ్రినలిన్ కలిసి గుండెను ఎలా ముంచగలవో లెవీ చూపిన పాఠానికి ఈ జాగ్రత్త దగ్గరి చుట్టం. ఇంటివారు చేయగలిగింది జంతువును తనకు నచ్చిన భంగిమలో ఉంచి, చల్లని చోట, అలజడి లేకుండా వైద్యశాలకు చేర్చడం. గొంతులో అడ్డుపడ్డ వస్తువు కంటికి కనిపిస్తే తీయవచ్చు. కనిపించకుండా వేళ్ళతో తడిమితే అది మరింత లోపలికి జారుతుంది.

మూడోది, ఊపిరి, స్పృహ రెండూ లేనప్పుడు ఆలస్యం చేయకపోవడం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా ఒత్తాలి. ప్రతి ఒత్తిడి తరువాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. గొట్టం లేనప్పుడు 30 ఒత్తిళ్ళకు రెండు ఊపిరుల చొప్పున అందించాలి. బిగుతుగా కూర్చునే మాస్కు ఉంటే దానితో, లేకపోతే నోరు మూసి ముక్కులోకి ఊదాలి. గొట్టం ఉంటే ఒత్తిడి ఆపకుండా నిమిషానికి 10 ఊపిరులు చాలు. ఛాతీ కొంచెం లేవగానే ఊదడం ఆపాలి; దెతియోల్ హెచ్చరిక ఇక్కడ గుర్తుంచుకోదగినది.

నాలుగోది, మనిషి మందును జంతువుకు వేయకపోవడం. జ్వరం వస్తే ఇళ్ళలో వాడే పారాసెటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలినంత లేదు. రక్తం ప్రాణవాయువును మోసే గుణం కోల్పోయి, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగి, ఎగశ్వాస మొదలవుతుంది. హైదరాబాదు కమిషన్ ఒక పరిస్థితి ఫలితాన్ని అన్నిటికీ విస్తరించినట్లే, ఒక జాతికి పనికివచ్చినది మరొక జాతికీ పనికివస్తుందనుకోవడంలోనూ అదే ప్రమాదం ఉంది.

తెలుగు నేలకు సంబంధించిన ఒక వర్తమాన అంశం కూడా ఇక్కడ చెప్పదగినది. 2003 ప్రాంతంలో ఒక సెల్‌ఫోన్ ప్రకటన ద్వారా పగ్ జాతి కుక్క దేశమంతటా ప్రసిద్ధి పొందింది. చప్పిడి ముక్కు, ఇరుకైన ముక్కుపుటాలు, పొడవైన అంగుడు గల ఈ జాతికి పుట్టుకతోనే శ్వాస ఇబ్బంది ఉంటుంది. రొప్పి వేడిని వదిలించుకునే మార్గమే ఇరుకైనప్పుడు, విజయవాడ, రామగుండం వంటి చోట్ల వేసవి దానికి ప్రాణాంతకం కాగలదు. మనిషి ముచ్చటపడి తీర్చిదిద్దిన ముఖమే దాని ఊపిరికి అడ్డంకి.

10. ముగింపు:

వైద్యశాలలో గుండె ఆగిన కుక్కలు, పిల్లులలో కోలుకుని ఇంటికి చేరేవి నేటికీ పది శాతం లోపే. అయితే మత్తులో ఉండగా గుండె ఆగిన జంతువుల విషయంలో ఈ ఫలితం ఎంతో మెరుగ్గా ఉంటుంది. ఎందుకంటే అక్కడ వైద్యుడు పక్కనే ఉంటాడు, గొట్టం అమర్చి ఉంటుంది, శ్వాసను ఎవరో ఒకరు గమనిస్తూ ఉంటారు. హైదరాబాదులో 1888, 1889లలో బల్లమీద పడుకున్న కుక్కలది సరిగ్గా ఇదే అవస్థ. వాటి ఊపిరిని క్షణక్షణం గమనించి నమోదు చేసిన శ్రద్ధే నేడు మత్తులో ఉన్న పెంపుడు కుక్కకు రక్షణ. తేడా ఒక్కటే. ఆ రోజు గమనించింది ఊపిరి ఎప్పుడు ఆగుతుందో తెలుసుకోవడానికి. నేడు గమనించేది అది ఆగకుండా చూడడానికి.

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. కృత్రిమ శ్వాస విజ్ఞానానికి కుక్కలు, పిల్లులు మూలాధారాలు; పశువైద్యం దాన్ని మానవ వైద్యం నుంచి అరువు తెచ్చుకుందనడం సగం చరిత్ర మాత్రమే. ఒక జంతువు మీద, ఒక పరిస్థితిలో తేలిన సత్యాన్ని మరొక జాతికి, మరొక పరిస్థితికి విస్తరించేటప్పుడు పరీక్ష తప్పనిసరి అని హైదరాబాదు కమిషన్ల అనుభవం నిరూపిస్తుంది. ఇక మూడోది, ఈ విద్య నేటికీ పెద్ద నగరాల వైద్యశాలలకే ఎక్కువగా పరిమితమై ఉంది. హైదరాబాదు ప్రయోగాలకు ప్రాణాలిచ్చినవి మేలుజాతి పెంపుడు కుక్కలు కావు, వీధికుక్కలు. పశువైద్య విద్యార్థులకు, జంతు సంరక్షకులకు, సాధారణ గృహస్థులకు ఈ మూలసూత్రాలు తెలుగులో సులభంగా అందినప్పుడు, వాటి సంతతికి కూడా ఆ ఫలితం చేరినప్పుడు, ఆ పాత అప్పులో కొంత భాగమైనా తీరినట్లవుతుంది.